నీలమ్మకు చూపించిన బొమ్మలు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పే పని ఇది. బోర్డు మీద స్పీచ్ థెరపిస్టు అని రాసుకుంటాం. కర్నూలు, కడప వైపు జనం మమ్మల్ని మాటల డాక్టరు అంటారు. మేం డాక్టర్లం కాము. ఆ సంగతి విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

ఏ పరీక్షలు చెయ్యాలి, మాట ఎన్నాళ్ళకు వస్తుంది, ఏ ఊళ్ళో గది తీసుకుంటే రోగులు వస్తారు, ఇవీ వాళ్ళు అడిగేవి. వాటికి నాకంటే బాగా జవాబు చెప్పేవాళ్ళున్నారు. నాకు తెలిసింది వేరు. రోగిని తీసుకొచ్చిన ఇంటివాళ్ళు "మాట ఎప్పుడొస్తాది సార్" అంటారు. లోపల అడుగుతున్నది అది కాదు. ఈ మనిషి మాట ఇకమీద ఇంట్లో చెల్లాలా వద్దా? పెత్తనం ఇంకా ఈయన దగ్గరే ఉంచాలా? దీనికి జవాబు మన నోట రావాలని చూస్తారు. మనం చదివిన చదువుకు అంత జవాబు చెప్పే స్తోమత లేదు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, మనకు తెలుసు. అయినా చెప్తాం. తెల్ల కోటు వేసుకుని కూర్చున్నప్పుడు తెలియదు అనడం చాలా కష్టం.

నేను అలా చెప్పిన ఒక జవాబు గురించి రాస్తాను. మిగతా నా ఉద్యోగం గురించి రాయదగినది పెద్దగా లేదు.

చైనావాళ్ళ పాఠం

చదువుకునే రోజుల్లో మాకొక అయ్యవారు ఉండేవారు. నుడికారాలు మెదడులో ఎలా అర్థమవుతాయన్నది ఆయనకు ఇష్టమైన పాఠం. ఉదాహరణకు చైనా భాష తీసుకునేవారు. ఆ భాషలో నాలుగేసి అక్షరాలతో కట్టిన నుడికారాలు లెక్కలేనన్ని ఉంటాయట. వాటిలో ఉన్న అక్షరాలు చెప్పేది ఒకటైతే, మొత్తం నుడికారం చెప్పేది మరొకటి. చైనాలో పుట్టి పెరిగినవాడికి మొదటి రెండక్షరాలు చెవిన పడగానే తక్కినవి వాటంతటవే వచ్చి చేరతాయి. మొత్తం ఒక ముద్దగా, ఒక్క మాటగా అర్థమవుతుంది. విడి అక్షరాల అర్థం వాడికి అసలు తట్టకపోవచ్చు. అదే భాషను పెద్దయ్యాక నేర్చుకున్నవాడు ఎంత బాగా నేర్చుకున్నా ఒక్కో అక్షరం మీద అడుగువేసుకుంటూ పోతాడు. ముందు వాడి కళ్ళకు బొమ్మ కడుతుంది. ఆ బొమ్మను దాటుకుని అసలు భావం దగ్గరికి వెళ్ళాలి. మనసు బాగున్నప్పుడు వెళ్తాడు. అలసిపోయినప్పుడో, భయపడినప్పుడో బొమ్మ దగ్గరే ఆగిపోతాడు.

"కాబట్టి, రేపు మీ ముందుకొచ్చి కూర్చునే మనిషి చైనాలో పుట్టినవాడా, చైనా భాష నేర్చుకున్నవాడా అన్నది ముందు తెలుసుకోండి. తర్వాతే పరీక్ష" అని ముగించేవారు ఆయన.

మేం వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్ళం. "మా కమలాపురానికి చైనావాడు దేనికొస్తాడురా, కొర్రలు కొనడానికా?" అన్నాను నేను ఒకసారి. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అయ్యవారికి వినిపించే ఉంటుంది. పాఠం సాగించారు.

పరీక్షలో మాత్రం ఆ పాఠం మీద ప్రశ్న వస్తే పేజీలు నింపాను.

బద్వేలు రైతు

మొదట కడపలో పనిచేశాను. మాకు ఇచ్చిన బొమ్మల పెట్టె కోస్తా జిల్లాలవాళ్ళు తయారుచేసింది. ఒక్కో నుడికారానికి మూడు బొమ్మలుంటాయి. ఒకటి అసలు భావం చూపేది, ఒకటి విడి మాటల అర్థం చూపేది, మూడోది సంబంధం లేనిది. మనం నుడికారం చదువుతాం, రోగి వేలు పెట్టి చూపించాలి. విడి మాటల బొమ్మ మీద వేలు పెడితే మెదడులో ఆ పని దెబ్బతిన్నట్టు.

ఓబుల్‌రెడ్డి అని బద్వేలు దగ్గర రైతు. నోరు ఒక పక్కకు లాగింది గాని మాట చాలావరకు తిరిగొచ్చింది. పక్కన భార్య కూర్చుంది. "డబ్బంతా గోదారి పాలైంది" అని చదివి బొమ్మలు ముందు పెట్టాను. ఆయన పెద్ద నది ఉన్న బొమ్మ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"యా ఏరు సామీ ఇది? ఈడ పెన్నేట్లోనే నీళ్ళు ల్యావు. దుడ్డు పారేసుకోవల్లంటే అంత దూరం పోవల్లనా? ఈడనే బోర్లు ఏపిచ్చినా గదా, దాంట్లోనే పాయ."

నేను తప్పు అని రాసుకున్నాను. ఆయన భార్య నా పెన్ను వైపు చూస్తోంది.

"తప్పని రాస్తాండావా సామీ? మా ఆయప్ప బాగనే ఉండాడు. మీ బొమ్మకే బాగల్యా" అంది.

ఆ మాట సూటిగా తగిలింది. ఓబుల్‌రెడ్డి ఎగతాళి చేసినంత చక్కగా నేను మాట్లాడలేను. బుర్ర దెబ్బతిన్నవాడు బోర్ల మాట అలా తెస్తాడా? తప్పు కొట్టేసి ఒప్పు అని రాశాను. ఆ తర్వాత సెలవు పెట్టి కమలాపురంలో మా అమ్మ దగ్గర, చుట్టుపక్కల ఆడవాళ్ళ దగ్గర కూర్చుని సీమలో అందరి నోటా ఉండే మాటలు ఏరాను. నీళ్ళు నమలడం, ఉప్పందించడం, పప్పులో కాలేయడం, కండ్లు నెత్తికెక్కడం, ఇలాంటివి. బొమ్మలు వేయించాను. ఇంట్లోవాళ్ళకూ, ఇరుగుపొరుగుకూ చూపించి సరిచూశాను. అందరూ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. మా సీమకు ఒక పరీక్ష చేశాననుకున్నాను. తర్వాత కర్నూలు మారినప్పుడు నా సామానులో మొదట సర్దింది ఆ పెట్టెనే.

గర్వం పూర్తిగా అబద్ధం కాదు. ఆ బొమ్మలు చాలామందికి ఉపయోగపడ్డాయి. నేను నేర్చుకున్నది సగమే అన్నది అసలు చిక్కు. కోస్తా తెలుగుకూ సీమ తెలుగుకూ తేడా ఉందని నేర్చుకున్నాను. తెలుగు మాట్లాడేవాళ్ళందరూ తెలుగులో పుట్టినవాళ్ళు కారని నేర్చుకోలేదు.

నీలమ్మ

కర్నూల్లో నేను చేరింది ఒక ప్రైవేటు ఆసుపత్రి. రెండువేల సంవత్సరం దాటిన మొదటి ఏళ్ళు. అప్పుడే ఊళ్ళో స్కానింగు సెంటర్లు వస్తున్నాయి, నందికొట్కూరు నుంచి, ఆదోని నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చిపడుతున్నారు.

నీలమ్మది నందికొట్కూరు. బజారులో వాళ్ళకు కిరాణా అంగడి. భర్త పోయాక చాలా ఏళ్ళుగా ఆమే నడుపుతోంది. కందిపప్పు గింజ పంటి కింద పెట్టి, ఎండిందో లేదో చెప్పే మనిషి అని కొడుకు మల్లికార్జున మురిపెంగా చెప్పాడు. పక్షవాతంతో ఎడమవైపు మెదడు దెబ్బతింది. కుడిచెయ్యి పట్టు తప్పింది. మాట మెల్లగా, ముద్దగా వస్తోంది. వస్తోందన్నది మాత్రం నిజం. ఆమెతో కొడుకూ, మరిదీ వచ్చారు. నడుముకు దోపుకున్న బీగంచేతుల గుత్తి ఆసుపత్రిలో కూడా తియ్యలేదు. అంగడి తాళాలు అవి.

కాగితం మీద మాతృభాష అన్న చోటు ఉంటుంది. నేను కొడుకు వైపు తిరిగి అడిగాను. "ఇంట్లో తెలుగేగా?"

"తెలుగే సార్" అన్నాడు.

రాసుకున్నాను. ఆమెను అడగలేదు. ఎదురుగా కూర్చుని ఉంది. ఆమెకు మాట వస్తోంది. అయినా అడగలేదు. మా దగ్గర ఆడమనిషి రోగి అయితే పక్కనున్న మగమనిషిని అడగడం అలవాటు. ఊరు, వయసు, నొప్పి, నిద్ర, అన్నీ అతనే చెప్తాడు. ఆమె వింటూ ఉంటుంది. ఈ అలవాటు నేను పెట్టింది కాదు. అందులో సుఖంగా ఇమిడిపోయాను, అంతే.

వస్తువుల పేర్లు చెప్పమన్నాను, చెప్పింది. చిన్న చిన్న పనులు చెప్పి చెయ్యమన్నాను, ఎడమచేత్తో చేసింది. కథ చెప్పి ప్రశ్నలడిగితే సరిగ్గా చెప్పింది. తర్వాత నా పెట్టె తెరిచాను.

నేను ఒక్కో మాటా విడదీసి, గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు చదువుతాను. మాట పోయినవాళ్ళతో అలాగే మాట్లాడాలని అనుకునేవాణ్ణి. "పప్పులో... కాలు... వేశాడు. అర్థమైందా అమ్మా?"

ఆమె బొమ్మలన్నీ చూసింది. పప్పు రాశిలో కాలుపెట్టి నిలబడ్డవాడి బొమ్మ మీద ఎడమచేతి వేలు ఆనించింది. మొహం చిట్లించుకుని, "ఎవడు వీడు? పప్పంతా పాడుజేస్తాండాడు" అంది.

మరిది కిసుక్కున నవ్వాడు. కొడుకు తల దించుకున్నాడు.

"ఉప్పు... అందించాడు. అర్థమైందా?"

ఈసారి వెంటనే చూపించలేదు. కళ్ళు మూసుకుని పెదాల కింద ఏదో గొణిగింది. తెలుగు కాదు. జబ్బు వల్ల మాట చెదిరి ఏవేవో శబ్దాలు వస్తున్నాయనుకున్నాను. "అర్థం లేని గొణుగుడు" అని పక్కన రాసుకున్నాను. ఆమె కళ్ళు తెరిచి, ఉప్పు గిన్నె అందిస్తున్న మనిషి బొమ్మ చూపించింది. ఉప్పు, పప్పు అమ్ముకునే మనిషి. తల తినడం అన్నదానికి మాత్రం టక్కున సరైన బొమ్మ చూపింది. నీళ్ళు నమలడానికి మళ్ళీ గొణుగుడు, మళ్ళీ నీళ్ళ చెంబు. నా దృష్టి తప్పుల మీదే ఉంది. తప్పులు కొన్నింటికే ఎందుకొస్తున్నాయి, కొన్నింటికి ఎందుకు రావడంలేదు అని ఆగి చూస్తే అక్కడే దొరికేది.

అయ్యాక మరిది ముందుకు జరిగాడు. చెడ్డమనిషిలా లేడు. నెమ్మదిగానే అడిగాడు.

"ఒక మాట సెప్పండి సార్. మా వదినను గల్లాపెట్టె కాడ కూచోబెట్టచ్చా, వద్దా? యాపారమంటే ఎదుటోడి మాటలో మర్మం తెలియల్ల గదా."

నేను చెప్పాల్సిన జవాబు ఒకటే. ఈ బొమ్మలు ఆ సంగతి చెప్పలేవు, కొన్నాళ్ళు అంగట్లో కూర్చోబెట్టి మీరే చూడండి. అంతకంటే ఏమీ లేదు. కానీ నా బొమ్మలు, నేను వేయించినవి, సీమలో మొట్టమొదటివి. వాటితో ఏమీ తేలదని ఎలా అంటాను?

"మాటల్లో లోపలి భావం అందుకునే శక్తి తగ్గింది. వ్యాపార వ్యవహారాలు ఒంటరిగా అప్పగించడం మంచిది కాదు" అన్నాను. కొడుకు అడిగితే అదే రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

వరండాలో జరిగింది కిటికీలోంచి చూశాను. కొడుకు ఆ కాగితం చిన్నాయనకు చదివి వినిపించాడు. మరిది చెయ్యి చాపాడు. నీలమ్మ కొడుకు మొహంలోకి చూసింది. కొడుకు కాగితంలోకి చూస్తున్నాడు. ఆమె ఎడమచేత్తో నడుము తడుముకుంటూ బీగంచేతుల గుత్తి తీయబోయింది. చిక్కుకుంది. ఎవరూ సాయం చెయ్యలేదు. చాలాసేపటికి ఊడింది.

నేను తర్వాతి రోగిని పిలిచాను.

శిబిరంలో బెంచీ

ఏళ్ళు గడిచాయి. నందికొట్కూరులో ఒక స్కూల్లో మా ఆసుపత్రివాళ్ళు ఉచిత వైద్య శిబిరం పెట్టారు. చెట్టు కింద బెంచీల మీద జనం. ఒక బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కన్నడంలో గలగలా మాట్లాడుకుంటున్నారు. ఒకామె మాట కొంచెం నత్తిగా, అయినా వేగంగా ఉంది. రెండో ఆమె ఏదో అంటే, ఆ మాట పూర్తికాకముందే ఈమె అందుకుని జవాబు చెప్తోంది. ఇద్దరూ మోకాళ్ళు చరుచుకుని నవ్వుతున్నారు.

దగ్గరికి వెళ్ళాక గుర్తుపట్టాను. నత్తిగా మాట్లాడుతున్నది నీలమ్మ.

నీలమ్మ కూడా నన్ను గుర్తుపట్టింది. నవ్వు ఆగిపోయింది. పక్కనున్నామె చెల్లెలు పార్వతమ్మ. సరిహద్దు అవతలి సిరుగుప్ప నుంచి అక్కకు కాలినొప్పి చూపించడానికి వచ్చింది. ఆమెకు నేనెవరో తెలియదు.

"ఏం నవ్వుతున్నారమ్మా?" అన్నాను.

"మా అక్క కోడలు అడిగ్యాగ ఎత్తిద కై అంటి" అంది పార్వతమ్మ. తర్వాత నాకోసం తెలుగులోకి దిగింది. "అంటే, వంటలో ఎత్తిన చెయ్యి, శానా గట్టిదని. ఎగతాళికి అంటిలే సారూ. దానికి మా అక్క ఏమన్నాదంటే, ఆ చెయ్యి దించితే గదా మాకింత కూడు పడేది, అన్నాది." మళ్ళీ నవ్వు పొంగుకొచ్చింది ఆమెకు.

నాకు నవ్వు రాలేదు. ఎత్తిన చెయ్యి అన్న మాటను ఒక ముద్దగా అందుకుని, దాని భావం తెలిసి, మళ్ళీ దాన్నే తిప్పి కొట్టగలిగిన మనిషి. ఆమెకు లోపలి భావం అందదని నేను రాసి ఇచ్చాను.

"మీ అక్కకు కన్నడం ఇంత బాగా వస్తుందా?" అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పార్వతమ్మ నన్ను వింతగా చూసింది. "యాల రాదప్పా? పుట్టినాది, పెరిగినాది సిరుగుప్పలో. పెండ్లయి వచ్చినబ్బుడు తెలుగు ఒక్క ముక్క రాదు దీనికి. అత్త తిట్టి తిట్టి నేర్పిచ్చినాది. ఇంట్లో కన్నడం ఇనపడగూడదు, పిల్లోళ్ళతో మాట్లాడగూడదు. కొడుక్కే తెల్దు, వాళ్ళమ్మ కన్నడంలో ఎంత బాగ మాట్లాడ్తాదో." గొంతు తగ్గించింది. "ఇంతా జేసి, దీనికి బుర్ర పోయిందని కర్నూల్లో ఎవడో రాసిచ్చినాడంట సారూ. వాని నోట్లో మన్ను పడ. అంగడి తీసేసుకున్యారు. ఎనక రూములో కూచోబెట్టినారు. మాట్లాడేవాళ్ళు ల్యాక ఉన్న తెలుగు గూడా మరిసిపోతాండాది."

నేను నీలమ్మ వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. ఆ ఎవడో వీడే అని ఒక్క మాట చెల్లెలితో అనొచ్చు. కన్నడంలోనే అనొచ్చు. అనలేదు. చెంగు సర్దుకుని పక్కకు తిరిగి కూర్చుంది.

నేనూ చెప్పలేదు. "జాగ్రత్తగా చూసుకోండి" అని ఏదో గొణిగి లేచి వచ్చేశాను.

కర్నూలు తిరిగి వచ్చేటప్పుడు జీపులో అన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. ఆ రోజు ఆమె పెదాల కింద గొణిగింది కన్నడం. నా తెలుగు మాటను తన భాషలోకి మార్చుకుని చూసుకుంది. ఉప్పు, అందించడం. ఆమె పుట్టిన భాషలో ఆ రెండూ కలిస్తే ఉప్పు అందించడమే. తల తినడం రెండు భాషల్లోనూ ఉంది కాబట్టి టక్కున చెప్పింది. ఆ తక్కిన తెలుగు మాటలు జబ్బుకు ముందు ఆమెకు తెలిసే ఉంటాయి. గాలివానకు ముందుగా లేచిపోయేది మిద్దె మీద వేసుకున్న రేకుల కొట్టం. దాన్ని చూసి ఇల్లు కూలిపోయిందని నేను రాశాను. అయ్యవారు చైనావాళ్ళ పేరు పెట్టి చెప్పింది అక్షరాలా ఇదే. పేజీలు నింపి మార్కులు తెచ్చుకున్న పాఠం నా ముందుకొచ్చి కూర్చుంటే, కొడుకును అడిగి తెలుగు అని రాసుకున్నాను.

పెద్ద డాక్టరు, నేను

మరుసటి రోజు మా పెద్ద డాక్టరు గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. తెలివైనవాడు. ఆయన చేతుల్లో ఎందరో బతికారు. తప్పు ఒప్పుకోవడం మాత్రం రోగం కంటే ప్రమాదమని ఆయన నమ్మకం.

"ఇబ్బుడు తిరగరాసిస్తావా? సరే. రేపు ఆ మరిది వచ్చి, మొదట రాసింది దొంగ కాగితమా అని అడుగుతాడు. ఎల్లుండి ఇంకొకడు వచ్చి మా నాయనకు ఇచ్చింది గూడా అట్లాంటిదేనా అంటాడు. ఎంతమందికి సంజాయిషీ చెప్తావు? వాళ్ళు అడిగినప్పుడు చూద్దాంలే."

"వాళ్ళకు తెలిస్తే కదా సార్ అడగడానికి."

"తెలిసినప్పుడు అడుగుతార్లే. పోయి పని జూసుకో."

చాలాకాలం ఈ భాగం ఇతరులకు చెప్పేటప్పుడు, పెద్ద డాక్టరు వద్దన్నాడు, నేనేం చెయ్యను అని చెప్పేవాణ్ణి. అది నిజం కాదు. ఆయన వద్దన్నప్పుడు నా గుండె తేలికపడింది. ఆ మాట వినడానికే ఆ గదికి వెళ్ళాను. నిజంగా దిద్దాలనుకున్నవాడు ఆయన్ను అడగడు, నందికొట్కూరు బస్సెక్కుతాడు. పై అధికారి అనేవాడు మనం చెయ్యదలచుకోని మంచిపనికి ఎప్పుడూ అందుబాటులో ఉండే సాకు. మీకు కూడా ఇలాంటివాళ్ళు దొరుకుతారు. వాళ్ళు గట్టిగా అరిచేవాళ్ళు కారు, నెమ్మదిగా భుజం మీద చెయ్యి వేసేవాళ్ళు.

ఆ తర్వాత నేను చేసింది ఒక్కటి. ప్రతి రోగినీ నేనే, ఆ మనిషి కళ్ళలోకి చూసి అడగడం మొదలుపెట్టాను. మీ అమ్మ మిమ్మల్ని ఏ భాషలో తిట్టేది? ఇంట్లో ఏం మాట్లాడతారు అని అడిగితే కర్నూల్లో అందరూ తెలుగే అంటారు. ఈ ప్రశ్నకు మాత్రం నిజం చెప్తారు. ఉర్దూ, కన్నడం, మరాఠీ, లంబాడీ, ఎన్నెన్ని బయటపడ్డాయో. అన్నాళ్ళుగా అవన్నీ తెలుగు అన్న ఒక్క మాట కింద కప్పి పెట్టాను. నీలమ్మకు ముందు వచ్చినవాళ్ళలో అలాంటివాళ్ళు ఎందరున్నారో నాకు తెలియదు. వాళ్ళ ఇళ్ళలో ఏం జరిగిందో కూడా తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు.

అంగడి ముందు

చివరికి నందికొట్కూరు బస్సెక్కాను. అప్పటికి ఆ ఆసుపత్రి మానేశాను. భయపడాల్సిన పెద్ద డాక్టరు లేడు. అంటే ధైర్యం వచ్చి వెళ్ళలేదు, అడ్డం పోయింది కాబట్టి వెళ్ళాను. కొత్త కాగితం రాసుకున్నాను. నీలమ్మ మాతృభాష కన్నడమనీ, నా పరీక్ష ఆమెకు సరిపడదనీ, ఆమె బుద్ధికి ఏ లోపమూ లేదనీ, తప్పు నాదనీ. సంతకం పెట్టాను.

బజారులో అంగడి చోటు కనుక్కున్నాను. కిరాణా లేదు. సెల్‌ఫోన్లు అమ్మే కొట్టు ఉంది. గోడకు రంగురంగుల బొమ్మలు అంటించారు. పక్క సందులోంచి వెనక్కి వెళ్తే నీలమ్మ ఉండే గది. చెల్లెలు పార్వతమ్మ కూడా అక్కడే ఉంది. కొడుకు కర్నూల్లో ఏదో కంపెనీలో పనికి కుదిరాడట, కోడలు అతనితో వెళ్ళిపోయిందట, అందుకని పార్వతమ్మ నెలలో సగం రోజులు ఇక్కడే ఉంటోంది.

నీలమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఈసారి నేనే చెప్పాను. "అమ్మా, ఆ కాగితం రాసింది నేనే. అది తప్పు. ఇది సరైనది, తీసుకొచ్చాను."

పార్వతమ్మ చేతిలో ఉన్న చాట కింద పెట్టేసింది. "నువ్వేనా?" అంది. "ఆ పొద్దు బెంచీ కాడ ఏం నవ్వుతాండారని అడుగుతా నిలబడితివి గదప్పా! నీకు మొగం యాడుండాది?" తర్వాత అక్క వైపు తిరిగి, "నీకు తెల్సునా?" అంది.

నీలమ్మ తలూపింది.

"మల్ల నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే ఏం జేస్తావు, కొడ్తావా? అంగడి వస్తాదా?" అంది నీలమ్మ. తెలుగులోనే. మాట ముందుకన్నా నెమ్మదిగా ఉంది. తెలుగు నిజంగానే ఊడిపోతోంది.

కాగితం అందుకుంది. చదవలేదు. ఎడమచేత్తో ఒళ్ళో పెట్టుకుంది. "దీన్ని ఎవురికి చూపియ్యల్ల సారూ? మరిదికా? ఆయప్ప మొన్న పాయ. కొడుక్కా? వానికి అంగడి వద్దంట, జీతమే బాగుండాదంట."

"అంగడి ఏమైందమ్మా?"

ఆమె చెల్లెలి వైపు చూసి అంది. "అంగడి హళ్ళ హిడీతు."

ఈలోగా నేను కొద్దిగా కన్నడం నేర్చుకున్నాను. రోగుల కోసమని, రాత్రిపూట పుస్తకం పెట్టుకుని. హళ్ళ అంటే వాగు. హిడీతు అంటే పట్టింది. నేర్చుకున్నవాడి ఉత్సాహంతో ముందుకు వంగాను.

"వాగు వచ్చిందా అమ్మా? ఎప్పుడు? నీళ్ళు లోపలిదాకా వచ్చాయా?"

పార్వతమ్మకు అంత కోపంలోనూ నవ్వు ఆగలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాగు కాదప్పా! నాశనమైపాయ అని. చేసినదంతా మట్టిపాలైతే మేం అట్లంటాం. చిన్న పిల్లోళ్ళకు గూడా తెలుస్తాది."

నీలమ్మ నవ్వలేదు. ఆ రోజు ఆసుపత్రిలో నేను ఆమెను ఎలా చూశానో, అలా నన్ను పరీక్షగా చూసింది.

"దానికి బొమ్మ తెచ్చినావా సారూ?" అంది.

ముందుకు వంగినవాణ్ణి వెనక్కి జరిగాను.

ఆమె కొంచెం ముందుకు జరిగి, గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి, బుర్ర పోయినవాళ్ళతో మాట్లాడినట్టు చెప్పింది.

"అంగడి... ల్యాదు... సారూ. అర్థమాయనా?"

"అర్థమైందమ్మా" అన్నాను.